లోపల వదిలిన రెండంగుళాలు

చిరంజీవి బొజ్జయ్యకి మేనత్త దీవెనలు.

నీవీ, మీ ఆఫీసు స్నేహితులు ముగ్గురివీ ప్యాంట్లు బాగుచేసి మొన్ననే పార్శిల్ పంపాను. ఈ ఉత్తరం వేరే సంగతికి. మీ కంపెనీ షేర్లు కొనమని నువ్వే కదా చెప్పావు! వారం తిరక్కుండా ధర సగమైందని పొద్దున పేపర్లో చూశాను. చూడగానే నీకు రెండు చేతులా దండం పెట్టాలనిపించింది. నీ మేలు ఈ జన్మలో మరిచిపోను.

ఇట్లు,
టేపు మెడలో వేసుకునే రాస్తున్న అత్తయ్య

తా.క. పాత మిషను అమ్మేశాను. ఇరవై ఏళ్లు తొక్కాను కదా, పట్టుకెళ్తుంటే కళ్లనీళ్లు తిరిగాయి.

*

అత్తయ్యకి, తలెత్తుకోలేని మేనల్లుడి నమస్కారాలు.

నీ పార్శిలూ ఉత్తరమూ ఒకేరోజు అందాయి. నీకు దెప్పడం రాదనుకున్నాను. ఆ దండం దగ్గర మూడుసార్లు ఆగాను. ఇక్కడ ఎవరూ షేరు పడిందనరు. "ఊపిరి పీల్చుకుంటోంది" అంటాడు మా మేనేజరు. నా పక్కసీటాయన సోమవారం వడ్డీ రేట్లన్నాడు, మంగళవారం డాలరన్నాడు, నిన్న మాత్రం ఫోను బల్ల మీద బోర్లించి పెట్టాడు. నేను దాచుకున్నదీ అందులోనే ఉంది. నెల ఆగితే లేస్తుందట. దయచేసి నువ్వింకేమీ అమ్మకు.

ఇట్లు,
నీ బొజ్జయ్య

తా.క. మేనేజరు కిందటి నెలే తన షేర్లన్నీ అమ్మేశాడట. ఊపిరి పీల్చుకున్నది ఆయన.

*

బొజ్జయ్యా, దీవెనలు.

దెప్పడమేమిట్రా, మనసారా అన్నాను. ఇంకేమీ అమ్మకు అంటావు, అమ్మడానికి ఇంకేం మిగిలిందని? కాజాలు చేత్తో కుట్టడం కూడా మానేశాను. నా దగ్గర బట్టలు కుట్టించుకునే టీచరమ్మ ఇవే షేర్లు కొంది. రోజూ వచ్చి నా స్టూలు మీద కూర్చుని ఫోన్లో ఆ ధర గీత చూపిస్తుంది. చెయ్యి వణికేవాళ్లు వేసిన కుట్టులా ఉంది. చవగ్గా వస్తున్నాయని ఇంకా కొంటోంది. వద్దంటే, నీకేం తెలుసు, రవికలు కుట్టుకో అంది. కుట్టుకుంటున్నాను.

ఇట్లు,
అత్తయ్య

తా.క. ఈ మధ్య హాయిగా నిద్ర పడుతోంది. ఇక ఆలోచించడానికి ఏమీ లేదు కదా!

*

అత్తయ్యా, క్షమించు.

మిషను పోయింది. పని మానేశావు. అమ్మడానికేమీ మిగల్లేదు. ఆలోచించడం కూడా మానేశావు. చిన్నప్పట్నుంచీ పైసా తీసుకోకుండా నా బట్టలన్నీ కుట్టినదానివి, నీకు నేను చేసిన మేలు ఇది. పని ఒత్తిడిలో మధ్యాహ్నం భోజనం ఎప్పుడో మానేశాను, ఇప్పుడు రాత్రిదీ మానేసి ఆ డబ్బు నీకు పంపుతాను. మా అంతస్తులో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి, నాది ఎప్పుడో తెలియదు. ఆదివారం వచ్చి నీ కాళ్ల మీద పడతాను.

ఇట్లు,
నీ కొంప ముంచినవాడు

తా.క. నీ కుట్టు చూసే మొహం లేక పార్శిల్ ఇంకా విప్పలేదు. ప్యాంట్లేవని అడుగుతున్న ముగ్గురి బెల్టులకీ మేకుతో కొత్త కన్నాలు నేనే పెట్టాను.

*

ఓరి నా పిచ్చి బొజ్జయ్యా,

విప్పలేదా! నీ బూడిదరంగు ప్యాంటు ఎడమ జేబులో చీటీ పెట్టాను. నువ్వు చదివావనుకునే ఇన్నాళ్లూ రాస్తున్నాను. అందులో ఉన్నది ఇదీ: కిందటేడు నడుం అంగుళం వదులు చెయ్యమన్నవాడివి, ఈసారి రెండంగుళాలు తగ్గించమన్నావు. మిగతా ముగ్గురివీ తగ్గించేవే. ఒకడు చిక్కితే ఒంట్లో బాగాలేదనుకోవచ్చు. నలుగురూ చిక్కితే ఆ ఆఫీసులోనే ఏదో బాగాలేదు. మీ ప్యాంట్లు కొలిచిన ఆ మధ్యాహ్నమే షేర్లన్నీ అమ్మేశాను. మర్నాటి నుంచే పడ్డాయి.

ఆ డబ్బుతో కరెంటు మిషనూ, కాజాలు కుట్టే మిషనూ కొన్నాను. కొనమన్నది నువ్వు, అమ్మమన్నది నీ నడుం. దండం ఇంకెవరికి పెట్టనురా?

ఆదివారం తప్పకుండా రా. కాళ్ల మీద మాత్రం పడకు, కింద గుండుసూదులుంటాయి. ఆ కుర్చీ పోతే పోయింది. కాజాల మిషను ముందు కుర్చీ ఖాళీగానే ఉంది.

ఇట్లు,
నీకు రుణపడ్డ అత్తయ్య

తా.క. నీ ప్యాంట్లకి ఆ రెండంగుళాల గుడ్డ కత్తిరించలేదు, లోపలికి మడిచి కుట్టాను. నువ్వు వేళకి తిను. నేను విప్పుతాను.