తూటాలు ఆగిన రోజు

తాండూరు,
ఆదివారం

పాండు మామకు,

ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

మా కాలేజీ ల్యాబులో క్వాంటం కంప్యూటర్ కోసం, గాలి తీసేసిన గాజుపెట్టెలో ఒకే ఒక్క పరమాణువును లేజర్ కాంతితో పట్టి నిలుపుతున్నాం. దానికి అప్పజెప్పిన లెక్క రెప్పపాటులో చెరిగిపోతుంది. మీ సున్నపురాయి క్వారీలో పేల్చే తూటాల అదురు, పేలుడు అయిపోయాక కూడా రాయిలో చాలాసేపు నిలిచిపోవడమే కారణమని రెండేళ్లుగా అందరితో వాదించాను. అందుకే కదా, ప్రతి పేలుడుకు ముందు "ఈల ఊదుతున్నం బిడ్డా, మిషిన్ బంద్ పెట్టుకో" అని నువ్వు ఫోన్ చేసేది.

నిన్న నాకోసం మీ మేనేజరును బతిమాలి పొద్దంతా తూటాలు ఆపించావు. "గియ్యాల రాయి నోరు మూసుకుంటది, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నావు. నిజంగానే లేజర్ కాంతిని మళ్లించే బల్ల మీది అద్దాలు కాస్తయినా అదరలేదు. అయినా లెక్క చెరిగిపోయింది. సాయంత్రం దాకా నలభైసార్లు చూశాను. ఎందుకో మా సార్లకూ తెలియదు. మీవాళ్లందరి ఒకరోజు పని ఊరికే చెడగొట్టాను.

ఇక ఫోన్ చేయొద్దని రాద్దామనే కూర్చున్నాను. కానీ చెయ్యి మామా. ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలిసిన అదురు మీ తూటాలదొక్కటే.

నీ మేనకోడలు