మీ పేరు పక్కన ఎరుపు

శ్రీవారికి,

ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. అక్కడ మీ ఒళ్లూ, మీ కోపమూ రెండూ అదుపులోనే ఉన్నాయని తలుస్తాను.

అడిగినవాటికి ముందు జవాబులు. వంటింటి కుళాయి కారడం లేదు, నేనే విప్పి బిగించాను. పెద్దదానికి కళ్లజోడు వచ్చింది. అచ్చం నాన్నలా ఉన్నానని పూటంతా మొహం మాడ్చుకుంది. అత్తయ్యగారి మోకాలు అలాగే ఉంది, నోరు మాత్రం భేషుగ్గా ఉంది.

ఇక మీ చివరి ప్రశ్న. తనిఖీ వాళ్లు వెళ్లేదాకా నీ జాబితాలో నా పేరు పక్కన గడి కదపకు, వచ్చే నెల పరీక్ష రాస్తానుగా అన్నారు. కదిపాను. మీలా సైన్యం కంప్యూటర్లకు కాపలా కాసేవాళ్లు మూడేళ్లకోసారి అర్హత పరీక్ష పాసవ్వాలి. పత్రం నాకు చేరితే జాబితాలో ఆకుపచ్చ, గడువు దాటితే ఎరుపు. ఎరుపు పడితే ఆ రోజే లాగిన్ ఆగిపోతుంది. ఇది మీకు నేను చెప్పాలా?

పోయినేడు పరీక్ష రాసేశాను, పత్రం దారిలో ఉందని మీరంటే నమ్మి ఆకుపచ్చ పెట్టాను. మీరసలు రాయనే లేదని తెలిశాక కూడా నోరు మూసుకున్నాను. అది మా పెద్దసారు కంట్లో పడింది. సోమవారం నన్ను పిలిచి, తలుపు వేసి, గడువు దాటిన పదకొండు మంది పేర్లు ముందు పెట్టారు.

"మీ ఆయనకో న్యాయం, వీళ్లకో న్యాయమా అమ్మా? వీటిని కూడా ఆకుపచ్చ చేసేయండి."

"సరే సార్. అందరికీ ఒకే న్యాయం చేస్తాను" అన్నాను.

నా బల్ల దగ్గరికొచ్చి పన్నెండు పేర్లకీ ఎరుపు పెట్టాను. మొదటిది మీదే.

పదిహేనేళ్ల అనుభవం ఉందంటారు. ఉంది, కాదనను. కానీ నిన్నగాక మొన్న పుట్టిన హ్యాకర్ల దొంగదారులు మీకు తెలుసో లేదో పరీక్ష రాస్తే కదా తేలేది? కోప్పడితే కోప్పడండి, నేను మాత్రం వెనక్కి తగ్గను.

అత్తయ్యగారికి అంతా చెప్పాను. "వాడు చిన్నప్పుడూ అంతే. పరీక్ష అంటే చాలు, కడుపునొప్పి వచ్చేది" అన్నారు.

ఒకటి దాచాను, అదీ చెప్పేస్తాను. పోయినేడు పత్రం చూడకుండా మీకు ఆకుపచ్చ పెట్టింది నేనేనని తనిఖీ వాళ్లకు రాసిచ్చి, కింద సంతకం పెట్టాను. విచారణ వేశారు. ఉద్యోగం పోవచ్చు. భయంగానే ఉంది. కానీ ఏడాదిగా పట్టని నిద్ర ఇప్పుడు పడుతోంది.

దీంతో పాటు పరీక్ష పుస్తకాలు పంపుతున్నాను. చదివి, రాసి, పాసవ్వండి. అప్పటికి ఆ కుర్చీలో నేను లేకపోతే, ఉన్న మనిషిని బతిమాలకండి. పత్రం చూపించండి.

ఇట్లు,
ఎంత కోపమొచ్చినా మీకు తప్పని
మీ ఆవిడ