నయమైన వేలు ఎవరిది?

సుచిత్ర వదినకు,

ఫోన్ చేస్తే నా మాటలు కూడా రికార్డు చేసి నీ చానెల్‌లో పెడతావేమోనని ఉత్తరం రాస్తున్నాను.

నా చేతి బొటనవేలి గోరుకు ఫంగస్ పట్టిందని తెలిసి, వెల్లుల్లి ముద్ద, వెనిగర్ పట్టుకుని నువ్వే వచ్చావు. ఫోన్ పైకెత్తి, "మొహం కనవడది, ఒట్టి వేలే వస్తది" అన్నావు. నమ్మాను. మొహం కనబడలేదు, నిజమే. మణికట్టు మీది పచ్చబొట్టును మాత్రం సిద్దిపేట అంతా గుర్తుపట్టింది.

సర్వపిండి వేళ్లతో ఒత్తి, వేలితోనే బొక్కలు పెట్టి, తోపుడు బండి మీద కాల్చి అమ్ముకునేదాన్ని నేను. రోజూ కొనుక్కునే కుకునూరుపల్లి పాలాయన, "గా వీడియోల చెయ్యి నీదే గదమ్మా" అని అడిగి, కట్టిన పొట్లం నా బండి మీదే వదిలేసి పోయాడు.

నీ వెల్లుల్లికి చర్మం బొబ్బలెక్కింది. గోరు అట్లాగే ఉంది. ఇప్పుడు దవాఖానలో ఇచ్చిన మందు వాడుతున్నాను. మరి వీడియో చివర మెరిసిపోతున్న గోరు ఎవరిది? ఆ వేలి మీద కత్తిపీట గాటు ఉంది. నీకు ఆ గాటు పడ్డ రోజు పసుపు అద్ది గుడ్డ కట్టింది నేనే.

బండి దగ్గర ఇప్పుడు పిండి మా అమ్మే ఒత్తుతోంది. మొన్న ఆమె వేడివేడిగా తెచ్చిస్తే, "ఇయ్యాల ఒక్కపొద్దు అత్తమ్మా" అని పక్కకు నెట్టావట.

వీడియో తీసెయ్. తియ్యనంటే బండి దగ్గరికి రా. నయమైందని నువ్వు లోకానికి చూపించిన ఈ చేత్తోనే, నీ ఒక్కదానికి సర్వపిండి ఒత్తి కాలుస్తాను. అందరూ చూస్తుండగా తిను.

ఫోన్ నేను పట్టుకుంటాను.

నీ ఆడబిడ్డ