టేపు చివర మడత

బాబాయ్,

ఎదురుగా అడిగితే మాట మారుస్తావని రాస్తున్నాను. నేనెవరినీ అనడం లేదు, అడుగుతున్నానంతే.

లోపలే పడుకుంటూ ఊళ్ళు తిరగొచ్చని కొన్న ఈ పాత క్యాంపర్ వ్యాన్‌ని బాగుచేసుకోవడం నువ్వే నేర్పావు. ఆయిల్ మార్చడం, బ్రేకులు సరిచేయడం, పైకప్పు కారకుండా చూసుకోవడం అన్నీ వచ్చాక, "ఇంక నీకు నేర్పడానికి నా దగ్గరేం లేదమ్మా" అన్నావు. ఆ మర్నాటి నుంచే దీనికి దయ్యం పట్టింది. సోమవారం బ్యాటరీ వైరు వదులు. నిన్న హారన్ ఫ్యూజు మాయం. బ్రేకుల జోలికి మాత్రం పోలేదు, ఎవరోగానీ నేనంటే ప్రేమున్నవాళ్ళే.

ముందు పక్కింటాయన్ని అనుమానించాను. పాపం, ఆయనకి బానెట్ ఎలా తెరవాలో కూడా తెలీదు. ఇవాళ లోపలి లైటు వెలగకపోతే చూశాను. వైరు ఊడదీసి, షార్టు కాకుండా కొసకి శ్రద్ధగా టేపు చుట్టారు. మళ్ళీ విప్పడానికి వీలుగా టేపు చివర మడిచారు. మనింట్లో అలా మడిచేది ఒక్కరే.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరుతున్నాను. వెనక రెండో మంచం కూడా బిగించాను. గేర్‌బాక్సు గురించి నాకింకా ఒక్క ముక్క రాదు. వస్తే నీ పానాల పెట్టె తెచ్చుకో. రానంటే మాత్రం, నా హారన్ ఫ్యూజు ఇచ్చెయ్.

నీ శిష్యురాలు