తొమ్మిదడుగుల అక్క

అక్కకు,

నేను క్షేమం, నా నిచ్చెన క్షేమం. నువ్వూ బావా బుడ్డదీ బాగానే ఉన్నారని నమ్ముతున్నాను. నీ పోయినసారి ఉత్తరంలో ఒకటిన్నర పేజీ తిట్లే ఉన్నాయి కాబట్టి నీ ఆరోగ్యానికి ఢోకా లేదని తేలిపోయింది.

ముందుగా క్షమాపణలు. సమస్త కళాలోకానికి, ఈ ప్రదర్శనశాల నాలుగు గోడలకు, వాటికి నేను కొట్టిన ఆరువందల మేకులకు, ఫొటోల ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిలబడే పెద్దమనుషులందరికీ ఈ అల్పుడు చేతులు జోడించి విన్నవించుకుంటున్నాడు. నా వల్ల ఘోర అపచారం జరిగింది. ఆర్థికశాస్త్రంలో డిగ్రీ చదివి, నిచ్చెనెక్కి లైట్లు తిప్పుకోవలసినవాణ్ణి కళలో వేలు పెట్టాను. మన్నించండి. (మన్నించకపోయినా నష్టం లేదు.)

ఇక నీ ప్రశ్నలు. నువ్వు మూడు అడిగావు. మూడోది చివర చెప్తాను. నిచ్చెన మనిషిని, మెట్టు మెట్టు ఎక్కితే తప్ప నాకు చేత కాదు.

ఫొటో ఎంత ఉంది అన్నావు. ఎత్తు తొమ్మిదడుగులు, వెడల్పు ఆరు. ఆ పెట్టె మూత మరలు విప్పింది నేనే. లోపల గుడ్డ తొలగించగానే ఆసుపత్రి మంచం మీద నువ్వు, మోచేతులదాకా కట్లు, మెడ మీద కాలిన చర్మం, పెద్దగా తెరిచిన నోరు. నా తల అందులో పట్టేంత ఉంది. కొలిచాను. కింద పేరు: 'మాటలకందని వేదన'. నువ్వెవరో, ఏ లాండ్రీలో ఆవిరి గొట్టం పేలిందో, కట్లు విప్పాక అదే గొట్టం దగ్గరికి మళ్లీ పనికెళ్లి ఇవాళ పదహారు మందితో ఇస్త్రీ బల్లల దగ్గర పని చేయిస్తున్నావనీ ఎక్కడా లేదు.

జనం నవ్వుతున్నారా అన్నావు. నవ్వితే బాగుండేది. ఏడుస్తున్నారే! ఏడ్చి, కళ్లు తుడుచుకుని, కింద కాఫీకి దిగుతున్నారు. ఒకాయన తన భార్యతో, "ఈ బాధ ముందు మన బాధలెంత?" అన్నాడు. ఆవిడ, "అయితే కారు రిపేరు సంగతి ఇంక ఎత్తకండి," అంది.

"మచ్చ చూస్తే చూడనీ, నేను చొక్కా చేతులు పైకి మడిచే పనిచేస్తాను. అడక్కుండా పెట్టడమేంట్రా?" అని రాశావు. ఆ మాట చదివాక నాకు నిద్ర పట్టలేదని రాస్తే నమ్మవు, నా గురక నీకు తెలుసు. కానీ మర్నాడు నీ మీద పడే లైటు ఆర్పేశాను. మేనేజరు బల్బు మార్పించాడు. మళ్లీ ఆర్పాను. మళ్లీ మార్పించాడు. మూడోరోజు ఆ ఫొటోగ్రాఫరే వచ్చాడు. చీకట్లో నీ ముందు చాలాసేపు నిలబడి, "అద్భుతం! వేదనకు వెలుతురెందుకు? ఇలాగే ఉంచండి," అన్నాడు. నా కుట్ర కళాఖండమైపోయింది. ఒళ్లు మండి లైటు వేసేశాను.

ఆ మధ్యాహ్నం ఒక ముసలావిడ వచ్చింది, నలభయ్యేళ్లు నర్సుగా చేసిందట. కళ్లద్దాలు పైకి తోసుకుని నీ నోటి వంక చూసి నన్ను పిలిచింది.

"బాబూ, ఇదెవరు?"

"వేదనండీ. మాటలకందదట."

"నీ మొహం. నొప్పితో అరిచేవాళ్లు కళ్లు మూసుకుంటారు. ఈ పిల్ల కళ్లు చూడు, ఎవడ్నో నిలబెట్టి మరీ వద్దంటోంది."

పదకొండేళ్ల కిందటి ఈ ఫొటోను ఇంతమంది పండితులు చూశారు. సరిగ్గా చదివింది ఆవిడొక్కతే.

నేరుగా మేనేజరు గదికి వెళ్లాను. సోమవారం ఈ ఫొటోలన్నీ పెట్టెలకెక్కి మరో నాలుగు నగరాలు తిరగబోతున్నాయి, అంటే నువ్వు కూడా. "ఆవిడ మా అక్క. ఒప్పుకోలేదు. దింపేయండి," అన్నాను. మేనేజరు పాపం చెడ్డవాడు కాదు. ఫైలు తెరిచి కాగితం చూపించాడు. "ఒప్పుకున్నట్టు సంతకం ఉందయ్యా. చేతులకు కట్లున్నాయి కాబట్టి బంధువు పెట్టాడు. అది చెల్లినంతకాలం నేనేం చెయ్యలేను."

కాగితం చూశాను. చూసి నోరు మూసుకుని బయటికొచ్చాను. ఈ ఉత్తరంలో నేను గర్వపడని చోటు ఇదొక్కటే.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. "ఆ రోజు కాగితం చింపేశానన్నావుగా, మరి ఇదెలా వచ్చింది?"

ఈ ఉదయం మళ్లీ వెళ్లాను. ఆ సంతకం పెట్టినవాడికి అప్పుడు పద్నాలుగేళ్లని చెప్పి, పుట్టినతేదీ కాగితం బల్ల మీద పెట్టాను. పిల్లవాడి సంతకం చెల్లదుగా. మేనేజరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని తేదీలు లెక్కేశాడు. చివరికి, మీ అక్క స్వహస్తాలతో రాసి పంపేదాకా ఫొటో గోడ మీద ఉండదు, మరో ఊరికీ పోదన్నాడు. నేనే దింపాను. ఇప్పుడు నీ మొహం గోడవైపు ఉంది. నువ్వు వద్దంటే వెనక్కి పోతుంది. ఉంచమంటే, నువ్వు చెప్పిన మాటే దాని కింద ఉంటుంది. ఇందులో ఒక తెల్లకాగితం పెడుతున్నాను. నీ చేతులకిప్పుడు కట్లు లేవు. ఫొటోగ్రాఫరు అరుస్తాడు. అరవనీ, అదీ మాటలకందదేమో చూద్దాం. నన్ను ఉద్యోగంలోంచి తీసేసినా తీసేస్తారు. నిచ్చెనలు ఊరంతా ఉన్నాయి.

"ఆ సంతకం ఎవరిదో నీకెలా తెలుసు?" అన్నాడు మేనేజరు. ఆయనకిచ్చిన జవాబే నీకూ.

నాన్న పోయిన ఏడాది అది. అమ్మ మందుల కోసం కింద వరుసలో నిలబడి ఉంది. ఆ ఫొటోగ్రాఫరు నా మెడలో కెమెరా వేసి, "ఇంటికి పెద్ద మగాడివి నువ్వేగా," అంటూ ఆ కాగితం, పెన్ను చేతికిచ్చాడు. నన్ను అప్పటిదాకా ఎవరూ పెద్దాడనలేదు. నువ్వు మంచం మీంచి లేవబోతూ "వద్దురా!" అని అరిచావు. ఆయన నా మెడలోని కెమెరా లాక్కుని అప్పుడే ఆ ఫొటో తీశాడు. నేను వరండాలోకి వెళ్లి, తిరిగొచ్చి, చింపేశానని చెప్పాను.

చింపలేదక్కా. సంతకం పెట్టాను. కింద రెండు గీతలు కూడా గీశాను.

ఇట్లు,
నువ్వు వద్దంటే వినని
నీ తమ్ముడు