దుర్గ లేనిదే చేప పడదు

అబుదాబి
2023 జులై 2

నాన్నకి, దుర్గ దండాలు పెట్టి రాసేది.

ఫోన్లో ఎంత అరిచినా నీకు వినపడదు కాబట్టి కాగితం మీద రాసి, ఫొటో తీసి, పక్కింటి అచ్చాయమ్మ పిన్ని ఫోన్‌కి పంపుతున్నాను. నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా కఫీల్ ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని నార్వే దేశం ఉత్తరం చివరికి సాల్మన్ చేపల వేటకి పోతున్నాడు. పిల్లల్ని చూసుకోడానికి నేను కూడా. ఆగస్టు పదిన నీ గొంతు ఆపరేషన్ అని చెప్పి సెలవడిగాను. "ఒక్క చేప పడనీ, ఇన్షా అల్లా, పంపిస్తా" అన్నాడు. అమ్మ పోయినప్పుడు రాలేకపోయాను. ఈసారి నీ మంచం పక్కన నేనుండాలి.

ఇట్లు, నీ కూతురు వీరదుర్గ

తా.క.: అంత దూరం పోయి పట్టిన చేపని మళ్లీ ఏట్లోనే వదిలేస్తారట. ఎవరితోనూ అనకు, నాకు మతి పోయిందనుకుంటారు.

అంతర్వేది పల్లిపాలెం
జులై 5

అమ్మాయి దుర్గకి నాన్న దీవెనలు.

చేపని వదిలేస్తున్నారంటే అది మొక్కే. ఆ ఇంట్లో ఎవరికో బాగోలేదు. నవ్వు మొహంతో తిరక్కుండా మేడమ్‌ని కాస్త పరామర్శించు.

సాల్మన్ కూడా మన పులసలాగే సముద్రంలోంచి ఏటికి ఎదురెక్కుతుందని నాగేంద్రబాబు మాస్టారు చెప్పాడు. అలా ఎక్కే చేప అలిసిపోయి, పెద్ద రాయికి దిగువన, నీళ్లు నెమ్మదించే చోట ఆగుతుంది. గాలం అక్కడ వెయ్యమను. పడగానే సెలవడుగు. నా గొంతుకేం, మజ్జిగ దిగుతోంది.

ఇట్లు, అప్పాజీ

తా.క.: మజ్జిగ కూడా దిగడం లేదని అచ్చాయమ్మ రాస్తే నమ్మకు.

నార్వే
జులై 17

నాన్నకి, చలికి వణుకుతూ దుర్గ దండాలు.

నువ్వు చెప్పావు కదా అని "బాధపడకండి మేడమ్, దేవుడున్నాడు" అన్నాను. ఆవిడ హడలిపోయి అందరికీ రక్తపరీక్షలు చేయించింది. కఫీల్ వాళ్లమ్మకి షుగర్ బయటపడింది. అప్పట్నించీ నాకేదో ముందే తెలుస్తుందని నమ్ముతున్నారు.

ఇక్కడ గాలానికి కట్టేది ఈకలతో చేసిన ఉత్తుత్తి ఈగ. తొమ్మిది రోజులు ఒక్కటీ పడలేదు. కఫీల్‌కి నువ్వు చెప్పిన రాయి చూపించాను. రెండో విసురుకే చంటాడంత చేప! ముద్దు పెట్టి, ఫొటో దిగి, వదిలేశాడు. నా ప్రాణం ఉసూరుమంది. సెలవడిగితే, "నువ్వు పోతే నాకు చేప ఎవరు చూపిస్తారు?" అన్నాడు. నిజంగానే అన్నాడు నాన్నా.

ఇట్లు, దుర్గ

తా.క.: నా పాస్‌పోర్టు ఆయన గాలాల పెట్టెలో ఉంది. చెయ్యి పెడితే ముల్లు దిగింది.

అంతర్వేది పల్లిపాలెం
జులై 20

దుర్గకి, తప్పు చేసిన నాన్న దీవెనలు.

నా నోటి దురదే నీ మెడకి చుట్టుకుంది. రేపట్నించి మోకాలి లోతు నీళ్లు చూపించు. అంత పెద్ద చేప అక్కడ చచ్చినా ఆగదు. నాలుగు రోజులు గాలం ఖాళీగా వస్తే, నీది దరిద్రపు పాదమని ఆయనే విమానం ఎక్కిస్తాడు.

ఇట్లు, అప్పాజీ

తా.క.: ఆపరేషన్ కాగితం మీద సొంతమనిషి సంతకం కావాలట. నా చెల్లెలినని చెప్పి అచ్చాయమ్మ పెడతానంటోంది. ఆవిడ మనకంటే తెల్లగా ఉంటుంది, డాక్టరు నమ్మడు. నువ్వే రా.

అబుదాబి
ఆగస్టు 8

నాన్నకి, దుర్గ దండాలు.

మోకాలి లోతు నీళ్లే చూపించాను. మూడు రోజులు ఏమీ పడలేదు. కఫీల్ మొహం మాడిపోయింది. నా టికెట్ సంగతి మేడమ్ ఎత్తింది కూడా. నాలుగో రోజు ఆ నీళ్లలోనే ఆవిడకి పడింది నాన్నా, మొదటిదానికి రెండింతలు. ఇరవై ఏళ్లలో అక్కడ చేపని చూడలేదని ఆ ఊరి గైడు నాకు దండం పెట్టాడు.

నిన్న తిరిగొచ్చాం. మళ్లీ అడిగాను. "సెలవు ఖలాస్, నువ్వు ఈ ఇంటి అదృష్టం" అన్నాడు. బట్టలుతికే గదిలో కూర్చుని ఏడ్చాను. నీ మీద నాకు కోపం లేదు. ఎల్లుండి సంతకం పిన్నినే పెట్టమను. భయమేస్తే ఆవిడ చెయ్యి పట్టుకో.

ఇట్లు, నీ దుర్గ

తా.క.: ఏడుపు ఆపుకోలేక, ఈ తెలివంతా మా నాన్నదని చెప్పేశాను. కఫీల్ తెగ సంబరపడిపోయాడు. వచ్చే వేసవికి నీకూ వీసా తీసి నార్వే తీసుకెళ్తాడట. అప్పటిదాకా ఉండు నాన్నా.