అర తులం ఇత్తడి

ఆళ్లగడ్డ, 18 ఫిబ్రవరి 1957

కార్బురేటర్ మార్పించాను. పాతదాని కడ్డీ అరిగిపోయి, మలుపు మలుపుకూ ఇంజను ఆగేది. కొత్తది మద్రాసు నుంచి తెప్పించాను. నంద్యాలలో గురుస్వామి మేస్త్రీ షెడ్డులో బిగించాడు. నాకు జ్వరంగా ఉంటే మా ఆయనే వెళ్ళి కారు తీసుకొచ్చారు. ఇన్నేళ్ళలో నాయన ఇచ్చిన ఈ కారు కోసం ఆయన చేసిన మొదటి పని ఇది. సంతోషించాను.

23 ఫిబ్రవరి

ఇంజను ఆగడం లేదు. కాని పెడల్ సగం దిగి ఆగిపోతోంది. నంద్యాల వెళ్ళి అడిగాను. కొత్తది గదమ్మా, అట్లే ఉంటాది, పోనుపోను సదురుకుంటాది అన్నాడు గురుస్వామి. నా మొహం చూడకుండా అన్నాడు. నమ్మాను.

2 మార్చి

వేగం ముల్లు ఇరవై రెండు మైళ్ళు దాటదు. ఇదివరకు నలభై అయిదు సులువుగా వెళ్ళేది. ఆయనతో అంటే, వయసైపాయె, నీ కాలికి సత్తువ తగ్గింటాది అని నవ్వారు. నాకు నలభై మూడు. గదిలోకి వెళ్ళి గోడకు పాదం ఆనించి నొక్కి చూసుకున్నాను. బి.ఏ. చదివినదాన్ని, గోడను తన్ని చూసుకున్నాను.

10 మార్చి

దుకాణం భాస్కరయ్య ఒప్పుకున్నాడు! బజారు వీధి నుంచి మెట్రిక్ రాయబోయే మొదటి ఆడపిల్ల అతని కూతురు ఆదిలక్ష్మి. మూడేళ్ళు నా దగ్గరే చదివింది. పరీక్షకు నంద్యాలకు బస్సులో పంపేదే లేదు, నువ్వు కారులో తీసకపోయి తీసకరావల్ల, అట్లయితేనే అన్నాడు. సరే అన్నాను. బండి సరిగా నడవడం లేదని చెప్పడానికి నామోషీ.

25 మార్చి, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదింటికి మొదటి పేపరు. పదిన్నర దాటితే ఎవరినీ లోపలికి రానివ్వరు. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా. అంతకుముందే బయలుదేరదామంటే పిల్లకు తలంటిన జుట్టు ఆరలేదన్నారు. తరువాత భాస్కరయ్య గడపకు అడ్డంగా నిలబడ్డాడు. తొమ్మిది కొట్టినాకనే కాలు బయట పెట్టాల, ఇరవై ఆరు మైళ్ళు నీకో లెక్కనా అన్నాడు. ఇరవై రెండు లెక్కన పోయినా పదీ పదికి చేరతాం, ఇంకా ఇరవై నిమిషాల వెసులుబాటు ఉంది అనుకున్నాను. వాదించలేదు. నా తప్పు అక్కడుంది.

శిరివెళ్ల దగ్గర శనగ బండ్లు. వరసగా పద్నాలుగు. దాటడానికి పెడల్ తొక్కుతాను, కారు కదలదు. ఎదురుగా లారీ వస్తుంది, మళ్ళీ వెనక్కి తగ్గుతాను. ఎద్దుల తోకలు చూస్తూ మూడు మైళ్ళు. బండివాడొకడు వెనక్కి తిరిగి, మా బండికి కట్టుకోమంటావా అమ్మా అని అరిచాడు.

పదీ ముప్పై ఏడుకు చేరాం. గేటు మూసేశారు. బతిమాలాను. ఇంగ్లీషులో కూడా బతిమాలాను. ఏడు నిమిషాలు. ఒక పేపరు పోతే అన్నీ పోయినట్టే.

ఆదిలక్ష్మి ఏడవలేదు. కలం మూత తీసి చూసి, మళ్ళీ పెట్టింది. సిరా నిండా పోసకచ్చినా గదమ్మా అంది.

26 మార్చి

సెప్టెంబరులో మళ్ళీ పరీక్ష ఉంది, రాయిద్దామన్నాను. రాహుకాలం పోయినాకనే పంపితిమి, అయినా గేటు మూసిరి, దేవుడే వద్దన్యాడు, సెప్టెంబరూ లేదు ఏమీ లేదు అన్నాడు భాస్కరయ్య.

2 ఏప్రిల్

బానెట్ ఎత్తాను. ఇన్నాళ్ళూ ఎందుకు ఎత్తలేదు?

వంట చేసే వెంకటమ్మను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, పెడల్ చేత్తో నొక్కమన్నాను. చేత్తో ఏంటికమ్మా, నాకూ కాళ్ళుండాయి అని కాలితోనే తొక్కింది. నేను కార్బురేటర్ మీదికి వంగాను. దాని గొంతులో రూపాయి బిళ్ళంత రేకు ఉంటుంది. మనం తొక్కితే పక్కనున్న మీట తిరిగి, ఆ రేకు పూర్తిగా తెరుచుకోవాలి. మీట సగం దాకా వచ్చి టక్కున ఆగింది. ఇంగ పోల్యామ్మా, ఆడ ఏదో అడ్డం తగుల్తాంది అంది వెంకటమ్మ.

అడ్డం ఉన్నది చిటికెన వేలి గోరంత ఇత్తడి గొట్టం ముక్క. మీట వెళ్ళే దారిలో కడ్డీకి తొడిగారు. అంచులు ఆకురాయితో నున్నగా రాసి ఉన్నాయి. పొరపాటు కాదు. శ్రద్ధగా చేసిన పని.

3 ఏప్రిల్

ముక్క ఊడబీకి, నలభై అయిదులో నంద్యాల వెళ్ళాను. ముక్క గురుస్వామి ముందు పెట్టాను. వాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. అయ్య చెప్పినాడమ్మా, ఆడమనిషి తోలే బండికి అంత దమ్ము ఏంటికి, సగానికి కట్టు అన్యాడు అన్నాడు. కారు ఎవరిదిరా అని అడిగాను. కారు నీదేనమ్మా, నువ్వు ఆయనదానివి గదా అన్నాడు.

ఇంటికొచ్చి ఆయన్ను అడిగాను. దాచలేదు. నీ ప్రాణం కోసమే చేసినా అన్నాడు. గుచ్చి అడిగితే అసలు మాట వచ్చింది. ఎవరిదో పెండ్లిలో బంధువులు, ఏం చెన్నకేశవులూ, నీ పెండ్లాం బస్సునే దాటిపోతాంది, నువ్వు యాడుండావప్పా అని నవ్వారట. మా నాయన ఇచ్చిన కారు కాబట్టి తోలొద్దనలేకపోయాడట. మరి నా కాలికి సత్తువ తగ్గిందన్న మాట ఏమిటి అన్నాను. తమాషాకన్నాలే అన్నాడు.

ఆ పిల్ల ఏడాది కూడా తమాషాకేనా?

9 ఏప్రిల్

నిజంగా భయపడ్డాడేమో. జనవరిలో నేను బస్సును దాటబోయి కారును కాలవలోకి దించిన మాట నిజం. భయమైతే నాతో అనొచ్చు కదా. నాతో అనకుండా ఇత్తడితో అన్నాడు. నా కారుకు తెలుసు, నాకు తెలియదు.

భాస్కరయ్యకు నిజం చెప్పాలి. చెబితే ఇంటి గుట్టు బజారున పడుతుంది. చెప్పకపోతే దేవుడి మీద పడుతుంది. ఏడు రోజులుగా ఇదే తిరుగుడు.

11 ఏప్రిల్

చెప్పాను.

దుకాణంలో నలుగురైదుగురు ఉన్నారు. ఉండనీ అనుకున్నాను. ఇత్తడి ముక్కను చిన్న తక్కెడలో వేసి, మీ దేవుడు ఇదిగో, తూచండి అన్నాను. అలవాటు చొప్పున భాస్కరయ్య నిజంగానే రాళ్ళు వేసి తూచాడు. అర తులం గూడా లేదు గదమ్మా, ఏందిది అన్నాడు. చెప్పాను. ఎవరు పెట్టించారో కూడా చెప్పాను. ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు. మొగుని పరువు తక్కెట్లో పెడితివే తల్లీ అన్నాడు భాస్కరయ్య. మరి నీ కూతురి చదువు ఎక్కడ పెట్టావు అన్నాను.

భాస్కరయ్య ముక్కను కాగితంలో పొట్లం కట్టి, దారం చుట్టి, సరుకు ఇచ్చినట్టే చేతికిచ్చాడు.

24 మే

ఆయన నాతో మాట్లాడి నలభై మూడు రోజులు. తప్పు చేశానా అని రోజుకోసారి అనిపిస్తుంది. తొడిగింది ఆయన, సిగ్గుపడేది నేనా అని రోజుకు పదిసార్లు.

17 జూన్

ఆదిలక్ష్మి పుస్తకాలు పట్టుకొని వచ్చింది. నాయన పొమ్మన్యాడు అంది. అంతే.

నంద్యాల, 16 సెప్టెంబరు, సోమవారం, ఉదయం 8.20

రాహుకాలం పట్టగానే, సరిగ్గా ఏడున్నరకు బయలుదేరాం. కారు తలుపు భాస్కరయ్యే వేశాడు. గేటు ఇంకా తెరవలేదు. పిల్ల గోడ నీడన నిలబడి చదువుకుంటోంది. నేను ఇంజను ఆపలేదు, దాని చప్పుడు వింటూ కూర్చున్నాను.